సంగీతం మీద రాసి బతకాలంటే: పేపరా, పుస్తకమా, ఛానెలా? సీమ నుంచి మొదలుపెట్టేవాళ్లకు ఓ పోలిక

డిగ్రీ చివర్లో ఉన్న పిల్లలూ, ఏదో ఉద్యోగంలో ఉంటూ రాత మీద మనసు పడినవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్న ఇది. సంగీతం గురించి రాయడమే పనిగా పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే పేపర్లో చేరాలా, వ్యాసాలు రాసి పంపుకోవాలా, యూట్యూబ్ ఛానెల్ పెట్టాలా, పీహెచ్‌డీ చేయాలా, నేరుగా పుస్తకం మీద కూర్చోవాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీతం వచ్చే చోటూ పేరు వచ్చే చోటూ ఒకటే కావాలని పట్టుపట్టకండి. సంగీతం మీద బాగా రాసినవాళ్లలో చాలామందికి అన్నం వేరే చోట నుంచి వచ్చింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు తెలుగు పాఠం చెప్పారు. తిరుపతిలో అన్నమయ్య కీర్తనల పరిష్కరణ, వాటికి స్వరాలు కట్టడం ఆ తర్వాతి పని. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆకాశవాణి ఉద్యోగి. వాగ్గేయకారుల చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకానికి 1961లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కచేరీ సమీక్షలతో పెద్దపెద్ద విద్వాంసులను హడలగొట్టిన సుబ్బుడు ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసుకున్నవాడే. పత్రికలో జీతం తీసుకుంటూ సమీక్షలు రాసినవాడు కావాలంటే తమిళంలో కల్కి ఉన్నారు. ఆయన 'కర్నాటకం' అన్న పేరుతో ఆనంద వికటన్‌లో రాశారు. అయితే అక్కడ ఆయనది సంపాదకుడి కుర్చీ. సంగీత సమీక్ష ఆ కుర్చీలో కూర్చున్నవాడు చేసిన అనేక పనుల్లో ఒకటి.

కాబట్టి పైన అడిగిన ప్రశ్నను రెండుగా విడగొట్టుకోవాలి. ఏ సంగీతం గురించి రాస్తారు? అది రాసేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది? మొదటిది తేలకుండా రెండోదాని గురించి ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

ఏ సంగీతం?

కర్నూలు, అనంతపురం, కడప మూడూ సీమ ఊళ్లే అయినా మూడూ మూడు వేర్వేరు నగరాల వైపు చూస్తాయి. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ 44వ నంబరు హైవే మీద సుమారు 215 కిలోమీటర్లు. కడప వాళ్లు రైలెక్కితే రేణిగుంట మీదుగా చెన్నైలో దిగుతారు. సినిమా పాట మీద రాయాలనుకునేవాళ్లకు కర్నూలు అనుకూలం. శాస్త్రీయ కచేరీల మీద రాయాలంటే కడప నుంచి చెన్నై డిసెంబరు సీజన్‌కు, అనంతపురం నుంచి బెంగళూరు శ్రీరామనవమి కచేరీలకు వెళ్లి రావచ్చు. చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి ఆ ఉత్సవం జరుపుతోంది. అనంతపురం మనిషి పొద్దున బయల్దేరి సాయంత్రం కచేరీ విని రాత్రి బస్సుకు తిరిగి ఇల్లు చేరుకోవచ్చు.

కానీ ఆ మూడు నగరాల సంగీతానికీ రాసేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. చెన్నై కచేరీ మీద మీ సమీక్ష ఎంత బాగున్నా, అదే హాల్లో ముప్పై ఏళ్లుగా మొదటి వరసలో కూర్చున్న మనిషి పక్కనే రాస్తుంటాడు. మీ ఇంటి దగ్గర పరిస్థితి వేరు. బ్రహ్మంగారి మఠం చుట్టుపక్కల తత్వాలు పాడే బృందాలు, నార్పల దగ్గర గూగూడు కుళ్ళాయప్ప పీర్ల పండుగ పాటలు, కర్నూలు వైపు గొరవయ్యల పాటలు, అనంతపురంలో ఉరుము అనే వాద్యం వాయించే బృందాలు, ఊరూరా చెక్కభజన, మంత్రాలయంలో తెలుగు గొంతుల్లో వినబడే కన్నడ దాసర పదాలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు బొమ్మల గురించి చాలామంది రాశారు. ఆ ఆటలో పాడే పాటలకు అందులో దొరికిన చోటు తక్కువ. కడప పెద్ద దర్గాకు ఏ.ఆర్. రెహమాన్ వచ్చినా అంతే. ఆయన వచ్చిన వార్త అన్ని పేపర్లలో ఉంటుంది. ఉరుసులో ఖవ్వాలీ పాడేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, రాత్రంతా ఏమేం పాడతారు అన్నది మాత్రం ఒక లైన్లో తేలిపోతుంది.

ఇవన్నీ జానపదం కాబట్టి సులువు అనుకోవద్దు. తత్వం పాడే మనిషి దగ్గర కూర్చుని తాళం పట్టలేకపోతే, ఏ పాటలో వరుస ఎక్కడ మారిందో చెవికి అందకపోతే, మీరు రాసేది సంగీతం గురించి కాదు, సంగీతం పాడే మనిషి పేదరికం గురించి అవుతుంది. అలాంటి వ్యాసాలు ఇప్పటికే బోలెడున్నాయి. ఏ దారి పట్టినా ముందు ఒకటి రెండేళ్లు ఏదో ఒకటి నేర్చుకోండి. కర్నూలులో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. కాలేజీ కుదరకపోతే ఊళ్లో హార్మోనియం మాస్టారు దగ్గరైనా సరే.

పేపర్లో చేరితే

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడతారు కాబట్టే చాలామంది మోసపోతారు. ఒకటి మండలంలో విలేకరి పని. దీనికి జీతం అంటూ ఉండదు, అచ్చయినదాని పొడవును బట్టి లైన్ అకౌంట్ లెక్కన ఇస్తారు. దానికి తోడు యాడ్స్ తెమ్మంటారు, చందాలు కట్టించమంటారు. సంగీతం మీద రాయాలని ఇందులోకి వెళ్లడం దండగ. జిల్లా పేజీలో కచేరీ వార్త ఎలా ఉంటుందో మీకు తెలుసు: ముఖ్య అతిథి పేరు, జ్యోతి వెలిగించినవాళ్ల పేర్లు, సన్మానం ఫొటో, చివర్లో 'శ్రోతలను విశేషంగా అలరించింది'. ఏ రాగం పాడారో రాస్తే డెస్క్‌లో, అంటే వార్తలు దిద్ది పేజీలు కట్టే చోట, ముందు కోసేది ఆ లైనే. అలా కోసేవాళ్ల తప్పు కూడా కాదు, పేరున్న అతిథి రేపు ఫోన్ చేస్తాడు, రాగం ఫోన్ చేయదు.

రెండోది డెస్క్‌లో సబ్ ఎడిటర్ ఉద్యోగం. నెల జీతం ఉంటుంది. పెద్ద పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు నడుపుతాయి, పరీక్ష పెట్టి తీసుకుంటాయి, శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తాయి. కొన్ని చోట్ల కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని రాయించుకుంటారు, సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. డెస్క్ నేర్పేది నిజంగా విలువైనది. పొడవు చూసి రాయడం, అనవసరం కోసేయడం, పేర్లు సరిచూడటం, గడియారం చూస్తూ పని ముగించడం. ఇవి ఏ కోర్సులోనూ అంత త్వరగా రావు.

అయితే ఒక చిక్కుంది. కచేరీలు, భజనలు, నాటకాలు అన్నీ సాయంత్రం ఆరు తర్వాత మొదలవుతాయి. జిల్లా పేజీలు కట్టే డెస్క్ కూడా అప్పుడే ఊపందుకుంటుంది. మీ వీక్లీ ఆఫ్ రోజున కచేరీ పడితే అదృష్టం. పగలంతా ఖాళీ కాబట్టి చదువుకోవడానికి, పాడేవాళ్లను వాళ్ల ఇళ్లలో కలవడానికి పనికొస్తుంది. నన్నడిగితే డెస్క్‌లో రెండు మూడేళ్లు ఉండటం మంచిది, పదేళ్లు ఉంటే సాయంత్రాలు పూర్తిగా పోతాయి.

వ్యాసాలు రాసి పంపుకోవడం

తెలుగులో ఆదివారం అనుబంధాలు, సాహిత్య పేజీలు, వెబ్ పత్రికలు ఉన్నాయి. వీటిలో కొన్ని పారితోషికం ఇస్తాయి, కొన్ని ఇవ్వవు, ఇచ్చేదీ ఇంటద్దెకు సరిపోదు. ఇంగ్లీషులో రాయగలిగితే లెక్క మారుతుంది. పదానికింత అని ఇచ్చే పత్రికలు, వెబ్‌సైట్లు ఉన్నాయి, ఎడిటర్ కూర్చుని ప్రశ్నలు వేస్తాడు, వ్యాసం పదును తేలుతుంది. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న ఎడిటర్‌కు చెన్నై కచేరీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, గూగూడు పాటల గురించి చెప్పేవాళ్లు ఉండరు. ఇక్కడ మీ ఊరే మీకు బలం. వ్యాసం మొత్తం రాసి పంపకండి. ఏం రాయబోతున్నారు, ఎవరిని కలిశారు, ఇప్పుడే ఎందుకు అన్నది మూడు పేరాల్లో రాసి పంపండి. ఒప్పుకున్నాకే మిగతాది. డబ్బు మాత్రం అచ్చయిన నెలలోనే వస్తుందని లెక్క వేసుకోవద్దు.

రెండు భాషల్లో ఏది అన్నది డబ్బు ప్రశ్న ఒక్కటే కాదు. మీరు ఎవరి గురించి రాశారో ఆ మనిషి చదువుకోగలిగేది తెలుగులోనే. అందులో తప్పు రాస్తే మర్నాడే ఫోన్ వస్తుంది. ఆ భయం రాతకు మంచిది. నేనైతే ముందు తెలుగులో రాసి, ఆ తర్వాత ఇంగ్లీషు పాఠకుడికి కొత్తగా రాయమంటాను.

రేడియో, ఛానెల్

రేడియో గురించి క్లుప్తంగా చెబుతాను. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. అనంతపురం, కర్నూలులో ఎఫ్ఎం కేంద్రాలు ఉన్నాయి. ప్రసంగాలకు, పరిచయ కార్యక్రమాలకు బయటివాళ్లను పిలుస్తారు, కార్యక్రమానికి ఇంత అని ఫీజు ఇస్తారు. దానితో బతకలేరు. కానీ చెవితో వినేవాళ్ల కోసం రాయడం వస్తుంది, స్థానిక కళాకారులతో పరిచయాలు ఏర్పడతాయి. పిలిస్తే వదులుకోవద్దు.

యూట్యూబ్ మీద ఆశ ఎక్కువ, లెక్కలు తెలిసినవాళ్లు తక్కువ. యాడ్స్ డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. షార్ట్స్ దారిలో అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్. ఇది దాటడం అసాధ్యం కాదు. అసలు సమస్య సినిమా పాట విశ్లేషణ చేసేవాళ్లకు. పాట ముక్క వినిపించగానే యూట్యూబ్ యంత్రం పసిగట్టి హక్కుదారైన ఆడియో కంపెనీకి చెబుతుంది. ఎక్కువ సందర్భాల్లో వీడియో ఉంటుంది కానీ దాని మీద వచ్చే డబ్బు వాళ్లకు పోతుంది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. ఆ సంగతి యంత్రానికి తెలియదు, మీరు అప్పీలు చేసుకోవాలి. పాట వినిపించకుండా మీరే పాడి చూపిస్తూ విశ్లేషిస్తే గొడవ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. సినిమా పాటకు వరుస కట్టినవాళ్లకూ హక్కుంటుంది.

మీరు సొంతంగా రికార్డు చేసిన తత్వాల బృందానికి ఈ బెడద చాలావరకు ఉండదు. వ్యూస్ కూడా ఉండవు, అది వేరే సంగతి. అయినా రికార్డు చేయండి, మీ పుస్తకానికి అదే ఆధారం. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది రికార్డింగ్ మొదట్లోనే వాళ్ల నోటితో చెప్పించండి. ఎక్కడెక్కడ పెట్టబోతున్నారో ముందే చెప్పండి, డబ్బు వస్తే వాటా ఎంతో కూడా అప్పుడే మాట్లాడుకోండి. పండుగ రోజున ఎవరికీ తీరిక ఉండదు, పదిహేను రోజుల ముందు రిహార్సల్స్ జరిగేటప్పుడు వెళితే ఎంతసేపైనా మాట్లాడతారు.

యూనివర్సిటీ

దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో ముప్పై ఏళ్లలోపు వాళ్లకు ఇదే అన్నిటికంటే గట్టి దారి. కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే యూజీసీ నెట్ పరీక్షలో సంగీతం, జానపద సాహిత్యం, తెలుగు, జర్నలిజం వేర్వేరు సబ్జెక్టులు. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, దానిపైన ఇంటద్దె భత్యం. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. ఊళ్లు తిరిగి పాటలు సేకరించడానికి ఇన్నేళ్లు జీతం ఇచ్చే పత్రిక తెలుగులో లేదు. పైగా కడప వాళ్లకు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం లైబ్రరీ పక్కనే ఉంది.

రెండు జాగ్రత్తలు. సీటు కంటే గైడ్ ముఖ్యం. ఆయన ఇంతకుముందు చేయించిన థీసిస్‌లు లైబ్రరీలో అడిగి తిరగేయండి, అన్నీ ఒకే అచ్చులో ఉంటే మీదీ అలాగే తయారవుతుంది. రెండోది, థీసిస్ పుస్తకం కాదు. 'ప్రథమాధ్యాయం: పరిచయం' అని మొదలయ్యేదాన్ని అలాగే అచ్చు వేస్తే కొనేవాళ్లు మీ బంధువులు మాత్రమే. డిగ్రీ వచ్చాక ఇంకో ఏడాది కూర్చుని మొత్తం తిరగరాయాలి.

వయసు దాటినవాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌లు ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటినవాళ్లకు సీనియర్, నెలకు 20,000. రెండూ రెండేళ్లు. కుటుంబం గడవడానికి చాలవు కానీ ఉద్యోగంలో ఉంటూ చేసే పుస్తకానికి ప్రయాణాలు, రికార్డర్, టైపింగ్ ఖర్చు గట్టెక్కుతుంది.

పుస్తకం

తెలుగులో సంగీతం మీద పుస్తకం డబ్బు తెస్తుందా? 200 రూపాయల పుస్తకానికి పది శాతం రాయల్టీ అనుకుందాం. వెయ్యి కాపీలూ అమ్ముడైతే 20,000 వస్తాయి. ఆ వెయ్యీ అమ్ముడవడానికి ఏళ్లు పట్టవచ్చు. చాలా సందర్భాల్లో రాయల్టీ మాట అటుంచి, అచ్చు ఖర్చే రచయితది. పుస్తకాల షాపులు, పంపిణీదారులు ధరలో మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్ తీసుకుంటారు. ఇక ఆవిష్కరణ సభ ఉంటుంది. వేదిక మీదివాళ్లకు, వక్తలకు, వచ్చిన మిత్రులకు కాపీలు పంచేసరికి మొదటి కట్ట ఖాళీ. అందుకే మొదట 300 మించి వేయవద్దంటాను. ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని వేసిచ్చే డిజిటల్ ప్రెస్‌లు ఉన్నాయి. పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, దాన్ని ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. ధార్మిక గ్రంథాల ముద్రణకు టీటీడీ ఆర్థిక సాయం పథకం ఉంది, మీది సంకీర్తన సాహిత్యం అయితే ప్రయత్నించవచ్చు.

ఇంత చదివాక పుస్తకం ఎందుకు అనిపిస్తుంది. ఎందుకంటే వ్యాసాలు, వీడియోలు, ప్రసంగాలు అన్నీ కొట్టుకుపోతాయి, 'ఫలానా విషయం మీద రాసినావిడ' అని మిమ్మల్ని పిలిచేది పుస్తకాన్ని బట్టే. సెమినార్లకు పిలుపు, రేడియోలో పిలుపు, కాలేజీలో గెస్ట్ లెక్చర్, ఇంగ్లీషు ఎడిటర్ నమ్మకం అన్నీ దాని వెనకే వస్తాయి. డబ్బు అటువైపు నుంచి వస్తుంది, పుస్తకం అమ్మకం నుంచి కాదు.

పుస్తకాల్లోనూ ఎంపిక ఉంది. వ్యాసాల సంకలనం తేలిక, ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక కళాకారుడి జీవిత చరిత్రకు పాఠకులు దొరుకుతారు, కానీ కుటుంబంతో తలనొప్పి. ఆయన తాగుడు గురించి, రెండో సంసారం గురించి తీసేయమంటారు. ఏది రాస్తారో, అచ్చుకు ముందు ఎవరు చదువుతారో, ఎవరి మాట చివరిదో మొదటి ఇంటర్వ్యూకు ముందే తేల్చుకోకపోతే మూడేళ్ల పని అటకెక్కుతుంది. నాకు నచ్చేది మూడో రకం: ఒక చిన్న ప్రాంతం, ఒకే ఒక్క పాట సంప్రదాయం, లోతుగా.

హక్కుల దగ్గర జాగ్రత్త. పాట రాసినవారి మరణం తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. విశ్లేషణ కోసం సినిమా పాటలో రెండు మూడు లైన్లు వాడటం వేరు, పాటలన్నీ పూర్తిగా అచ్చు వేయడం వేరు. అన్నమయ్య 1503లో పోయారు, సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఈ రోజు మనం పాడుకునే వరుసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. స్వరలిపితో సహా అచ్చు వేయాలంటే ఆ వరుస ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోవాలి.

ఎవరికి ఏది?

టీచరో బ్యాంకు ఉద్యోగో అయినవాళ్లు ఉద్యోగం వదలొద్దు. సాయంత్రాలు, సెలవులు మీ చేతిలో ఉన్నాయి, డెస్క్‌లో ఉన్నవాడికి అవే లేవు. ఏడాదికి నాలుగు మంచి వ్యాసాలు, ఐదారేళ్లకు ఒక పుస్తకం మీకు సాధ్యమే. పీజీ చేస్తున్నవాళ్లు ముందు నెట్ రాయండి. రాకపోతే డెస్క్. రెండూ కాకపోతే ఏదైనా ఉద్యోగం, కానీ మండల విలేకరి పని మాత్రం వద్దు. ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లు ఊళ్లూ మనుషులూ తెలిసినవాళ్లు కాబట్టి, ఆ పరిచయాలతో ఇంగ్లీషులో రాసేవాళ్లతో కలిసి పనిచేయండి. పేరు ఇద్దరిదీ వేయించండి, దారి చూపినందుకు టీ ఖర్చులతో సరిపెట్టుకోకండి.

పాడటం బాగా వచ్చినవాళ్లకు ఛానెల్ నిజంగా పనికొస్తుంది, వాళ్లు పాడి చూపించగలరు. సిగ్గరులు, కెమెరా అంటే టెన్షన్ పడేవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక సినిమా పాట తప్ప ఇంకేదీ వద్దనేవాళ్లు. వాళ్లకు సీమలో ఉండి చేయగలిగింది తక్కువ. ఆ మనుషులు, స్టూడియోలు, ఆడియో వేడుకలు, పాత పత్రికలు దాచుకున్న ఇళ్లు హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఉన్నాయి. ఆరు నెలల గది అద్దె, తిండి ఖర్చు చేతిలో పెట్టుకుని, ఇక్కడ ఉన్నప్పుడే రాసిన ఐదారు వ్యాసాలు తీసుకుని బస్సెక్కండి. ఆరు నెలల్లో జీతం ఉన్న పని దొరక్కపోతే తిరిగి రావచ్చు, నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు.